నాలుగు కోట్ల అంకెల ప్రధాన సంఖ్య: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

గత సంచికలో 2¹³⁶²⁷⁹⁸⁴¹ − 1 అనే సంఖ్య గురించి రాశాం. ఇప్పటికి తెలిసిన ప్రధాన సంఖ్యల్లో అన్నిటికంటే పెద్దది అదే. 2024 అక్టోబర్‌లో లూక్ డ్యురంట్ దాన్ని కనుక్కున్నాడు. దానిలో 4,10,24,320 అంకెలున్నాయి. ఆ వ్యాసం చదివి కర్నూలు, అనంతపురం, కడప ప్రాంతాల నుంచి పాఠకులు రాసిన ప్రశ్నల్లో, కాగితం మీద లెక్క చేసి చూపించడానికి వీలైనవి ఈసారి తీసుకున్నాం. పెన్ను దగ్గర పెట్టుకుని చదివితే మేలు.

ప్రశ్న: నాలుగు కోట్ల అంకెలను ఎవరూ కూర్చుని లెక్కపెట్టి ఉండరు కదా సార్. మరి సరిగ్గా 4,10,24,320 అని ఎట్లా చెప్తున్నారు? – పదో తరగతి విద్యార్థి, కర్నూలు

జవాబు: సంవర్గమానంతో చెప్తాం. ఒక సంఖ్యకు ఆధారం 10తో సంవర్గమానం తీసి, అందులో పూర్ణాంక భాగానికి 1 కలిపితే ఆ సంఖ్యలో ఎన్ని అంకెలున్నాయో వస్తుంది. 2 సంవర్గమానాన్ని సాధారణంగా 0.30103 అని తీసుకుంటాం. దాన్ని 13,62,79,841తో గుణించండి. 4,10,24,320.536 వస్తుంది. పూర్ణాంక భాగానికి 1 కలిపితే 4,10,24,321. ఒక అంకె ఎక్కువ వచ్చింది!

గుణకారం తప్పలేదు. 0.30103 అన్నది దగ్గరి విలువ మాత్రమే, అసలు విలువ 0.30102999566398. రెండింటి తేడా దశాంశంలో తొమ్మిదో స్థానంలో ఉంది. మామూలు లెక్కల్లో అది కంటికి కూడా ఆనదు. ఇక్కడ దాన్ని పదమూడున్నర కోట్లతో గుణిస్తున్నాం కాబట్టి 0.591 అయి కూర్చుంది. దాన్ని తీసేస్తే 4,10,24,319.9453 మిగులుతుంది. ఇప్పుడు 1 కలపండి, 4,10,24,320 సరిగ్గా వస్తుంది. ఘాతాంకం ఎంత పెద్దదైతే సంవర్గమానంలో అన్ని ఎక్కువ దశాంశ స్థానాలు తీసుకోవాలి. ఈ లెక్కకు కనీసం పది స్థానాలు పెట్టుకోండి.

చివర 1 తీసేస్తున్నాం కదా, దానివల్ల ఒక అంకె తగ్గదా అని మీకు అనుమానం రావచ్చు. 1 తీసేస్తే అంకె తగ్గేది 1000, 10000 లాంటి సంఖ్యలకే. 2 ఘాతాలేవీ సున్నాతో ముగియవు కనుక ఆ చిక్కు రాదు.

అదే లెక్కలో మిగిలిన 0.9453 కూడా పనికొస్తుంది. దాని ప్రతిసంవర్గమానం సుమారు 8.817. అంటే ఆ సంఖ్య 8, 8, 1 అంకెలతో మొదలవుతుంది. చివరి అంకె ఇంకా సులువు. 2 ఘాతాల చివరి అంకెలు 2, 4, 8, 6 అని నాలుగేసి చొప్పున తిరుగుతాయి. ఘాతాంకాన్ని 4తో భాగిస్తే శేషం 1 కనుక చివరి అంకె 2, అందులోంచి 1 తీస్తే 1. చివరి రెండు అంకెలు కావాలంటే 20తో భాగించాలి, శేషం 1 వస్తుంది. చాలామంది ఇక్కడ 2¹ = 02 అని తీసుకుని, 1 తగ్గించి 01 అని రాసేస్తారు. అది తప్పు. చివరి రెండంకెల చక్రం 2² దగ్గర మొదలవుతుంది, 2¹ అందులో లేదు. కాబట్టి 2²¹ తీసుకోవాలి. అది 20,97,152. చివర 52, ఒకటి తీస్తే 51. మన సంఖ్య చివర ఉన్నవి 5, 1 అనే అంకెలే.

ప్రశ్న: కడప పిన్‌కోడ్ 516001 ప్రధాన సంఖ్యేనా? క్యాలిక్యులేటర్ లేకుండా తేల్చుకోవడం ఎట్లా? – పోస్టల్ ఉద్యోగి, కడప

జవాబు: కాదు. ఎట్లా తేలిందో వరుసగా చూద్దాం.

ముందు వర్గమూలం. 516001 వర్గమూలం 718 కంటే కొంచెం ఎక్కువ. ఒక సంఖ్య రెండు సంఖ్యల లబ్ధమైతే వాటిలో చిన్నది వర్గమూలాన్ని దాటదు. కాబట్టి 718 లోపలి ప్రధాన సంఖ్యలతో భాగిస్తే చాలు. అవి 127 ఉన్నాయి. చివర 1 ఉంది కనుక 2, 5 పోతాయి. అంకెల మొత్తం 13, కాబట్టి 3 పోతుంది.

7, 11, 13 మూడింటినీ ఒకే దెబ్బకు చూడొచ్చు. 7 × 11 × 13 = 1001 కదా. అందుకే ఆరంకెల సంఖ్యను మూడేసి అంకెలుగా విడగొట్టి, ఒక సగంలోంచి ఇంకో సగం తీసేసినా ఆ మూడింటితో భాగపడే గుణం మారదు. 516లోంచి 001 తీస్తే 515. దాన్ని 7తో భాగిస్తే శేషం 4, 11తో 9, 13తో 8. మూడూ పోయాయి. తర్వాత 17. 17 × 30,000 = 5,10,000. మిగిలింది 6,001. అది 17 × 353. దొరికింది! 516001 = 17 × 30353.

పూర్తి కారణాంకాలు కావాలంటే ఇక్కడ ఒక పొరపాటు జరగకుండా చూసుకోండి. ఇకమీద చూడాల్సిన హద్దు 718 కాదు, 30353 వర్గమూలమైన 174. మొదలుపెట్టాల్సింది 2 నుంచి కాదు, మళ్ళీ 17 నుంచే, ఎందుకంటే అంతకంటే చిన్నవన్నీ ముందే పోయాయి. 17 కూడా రెండోసారి పోదు. అట్లా పైకి వెళ్తే 127 దగ్గర భాగహారం నిశ్శేషంగా పోతుంది, 30353 = 127 × 239. అంటే కడప పిన్‌కోడ్ 17 × 127 × 239. ఇందులోని 127 అంటే 2⁷ − 1. 2 ఘాతంలోంచి 1 తీస్తే వచ్చేవాటిని మెర్సెన్ సంఖ్యలంటారు. మన నాలుగు కోట్ల అంకెల సంఖ్య లాగే 127 కూడా మెర్సెన్ ప్రధాన సంఖ్యే, ఈ శీర్షికలో కింద మళ్ళీ వస్తుంది.

మిగతా ఊళ్ళవీ చేసి చూశాం. కర్నూలు 518001 అంకెల మొత్తం 15, మొదటి అడుగులోనే 3తో పోతుంది. పూర్తిగా విడగొడితే 3 × 11 × 11 × 1427. అనంతపురం 515001 కూడా 3తోనే పోతుంది, అది 3 × 41 × 53 × 79. గుంతకల్లు 515801కి పైన చెప్పిన మూడంకెల ఉపాయం వాడండి. 801లోంచి 515 తీస్తే 286. అది 11తోనూ పోతుంది, 13తోనూ పోతుంది. నంద్యాల 518501 మాత్రం ఓపిక పరీక్షిస్తుంది, 79 దాకా ఏదీ పోదు. 83 దగ్గర తెగుతుంది: 83 × 6247.

ఐదు లక్షల చుట్టుపక్కల సుమారు 13 సంఖ్యలకు ఒకటి ప్రధాన సంఖ్య ఉంటుంది. 1తో ముగిసేవి మాత్రమే చూస్తే ఐదింటికి ఒకటి. మీ వీధి, మీ మండలం పిన్‌కోడ్‌లు పెట్టుకుని కూర్చుంటే ఒక్కటైనా దొరకడానికి మంచి అవకాశమే ఉంది.

ప్రశ్న: ఘాతాంకం ప్రధాన సంఖ్య అయితే, 2ను ఆ ఘాతానికి పెంచి 1 తీసేస్తే వచ్చేది కూడా ప్రధాన సంఖ్యేనని మా క్లాసులో ఒకరు అన్నారు. నిజమేనా? – ఇంటర్ విద్యార్థిని, ప్రొద్దుటూరు

జవాబు: వాళ్ళు మాటను తలకిందులు చేశారు. 2¹¹ − 1 చూడండి. 11 ప్రధాన సంఖ్యే, కానీ 2047 = 23 × 89.

నిజమైన మాట ఏమంటే, ఘాతాంకం సంయుక్త సంఖ్య అయితే వచ్చేది తప్పకుండా సంయుక్త సంఖ్యే. 2¹⁵ − 1ను ద్విసంఖ్యామానంలో రాస్తే వరుసగా పదిహేను ఒకట్లు వస్తాయి. వాటిని మూడేసి చొప్పున విడగొట్టొచ్చు కనుక 111, అంటే 7, దాన్ని భాగిస్తుంది. ఐదేసి చొప్పున విడగొట్టొచ్చు కనుక 11111, అంటే 31, కూడా భాగిస్తుంది. 32767 = 7 × 31 × 151. కాబట్టి ప్రధాన సంఖ్య కాని ఘాతాంకాలను పరీక్షించడమే దండగ. ఘాతాంకం ప్రధాన సంఖ్య అయితే, అప్పుడు అసలు పరీక్ష మొదలవుతుంది.

ఈ రకం సంఖ్యలకు ఒక గొప్ప గుణం ఉంది. ఘాతాంకం బేసి ప్రధాన సంఖ్య అయినప్పుడు, వాటి ప్రధాన కారణాంకాలు ఎట్లా పడితే అట్లా ఉండవు. ప్రతిదీ ఘాతాంకానికి రెట్టింపు తీసుకుని, దాని గుణిజానికి 1 కలిపితే వచ్చేదే అయి ఉండాలి. పైగా 8తో భాగిస్తే శేషం 1 గాని 7 గాని రావాలి. 2047నే చూడండి. 23 = 22 + 1, 89 = 4 × 22 + 1. శేషాలు 7, 1. 2²⁹ − 1 తీసుకుంటే 233 × 1103 × 2089. మూడింటిలోంచీ 1 తీసి 58తో భాగించి చూడండి, నిశ్శేషంగా పోతుంది.

దీని బలం ఎంతో 2³¹ − 1 దగ్గర తెలుస్తుంది. ఆ సంఖ్య 214,74,83,647. దాని వర్గమూలం 46,340. అంతవరకూ ఉన్న ప్రధాన సంఖ్యలు వేలల్లో ఉన్నాయి. కానీ పై నియమం ప్రకారం కారణాంకం 248 గుణిజానికి 1 కలిపితేనో, 63 కలిపితేనో వచ్చేదై ఉండాలి. 46,340 లోపల అట్లాంటివి 373 మాత్రమే. వాటిలోనూ సంయుక్త సంఖ్యలను వదిలేయొచ్చు. 1772లో ఆయిలర్ ఈ దారిలోనే అది ప్రధాన సంఖ్య అని తేల్చాడు.

మీ క్లాసులో జరిగిన పొరపాటు పెద్దపెద్ద వాళ్ళ విషయంలోనూ జరిగింది. ఫ్రాన్స్‌కు చెందిన మెర్సెన్ 1644లో 257 వరకు ఏ ఘాతాంకాలు పనికొస్తాయో జాబితా ఇచ్చాడు. అందులో 67, 257 తప్పు. 61, 89, 107 వదిలేశాడు. 2⁶⁷ − 1 సంయుక్త సంఖ్య అని లూకాస్ 1876లో తేల్చినా కారణాంకాలు మాత్రం దొరకలేదు. 1903లో కోల్ వాటిని చూపించాడు: 193707721 × 761838257287. ఒక సంఖ్య సంయుక్తమని తెలుసుకోవడం వేరు, దాన్ని విడగొట్టడం వేరు. మొదటిది చాలా సులువు, రెండోది మహా కష్టం. ఈ తేడాను గట్టిగా పట్టుకోండి, కిందనున్న బ్యాంకు ప్రశ్నకు జవాబు దీనిలోనే ఉంది.

ప్రశ్న: లూకాస్–లెహ్మర్ పరీక్షకు సి భాషలో ప్రోగ్రామ్ రాశాను. ఘాతాంకం 31 దాకా అన్నీ సరిగ్గా వచ్చాయి. 37 నుంచి 59 వరకు కూడా సరిపోయాయి. 61 దగ్గర మాత్రం ప్రధాన సంఖ్య కాదంటోంది. ఎక్కడ తప్పు? – బీటెక్ విద్యార్థి, అనంతపురం

జవాబు: తప్పు 61 దగ్గర మొదలవలేదు, 37 దగ్గరే మొదలైంది. మీకు కనపడింది 61 దగ్గర.

పరీక్ష ఇది. 4తో మొదలుపెట్టాలి. ప్రతిసారీ ఉన్నదాన్ని వర్గం చేసి 2 తీసేసి, మెర్సెన్ సంఖ్యతో భాగించి శేషం ఉంచుకోవాలి. ఘాతాంకం కంటే రెండు తక్కువ సార్లు ఇట్లా చేస్తే, చివర సున్నా వస్తే అది ప్రధాన సంఖ్య, రాకపోతే కాదు. ఘాతాంకం 7 అయితే మెర్సెన్ సంఖ్య 127. ఐదు సార్లు చేయాలి: 4, 14, 67, 42, 111, 0. సున్నా వచ్చింది. ఘాతాంకం 11 అయితే తొమ్మిది సార్లు: 4, 14, 194, 788, 701, 119, 1877, 240, 282, 1736. సున్నా రాలేదు, 2047 ప్రధాన సంఖ్య కాదు. 23, 89ల పేరు కూడా ఎత్తకుండానే తేలిపోయింది. మీ ప్రోగ్రామ్ ప్రతి అడుగులో వచ్చే విలువను అచ్చేయించి ఈ రెండు వరుసలతో పోల్చండి. చివరి జవాబు ఒక్కటే చూసుకుంటే మీకు జరిగిందే జరుగుతుంది.

మీరు 64 బిట్ల చరరాశి వాడి ఉంటారు. ఘాతాంకం 31 అయితే శేషం 31 బిట్లలో ఉంటుంది, దాని వర్గం 62 బిట్లలో పడుతుంది. 37 అయితే వర్గానికి 74 బిట్లు కావాలి. పైనున్న బిట్లు చప్పుడు లేకుండా రాలిపోతాయి, ఆ తర్వాత వచ్చేదంతా చెత్త. ఆ చెత్త సున్నా కావడం అరుదు కాబట్టి ప్రోగ్రామ్ 'ప్రధాన సంఖ్య కాదు' అంటుంది. 37, 41, 43, 47, 53, 59 అన్నీ నిజంగానే పనికిరాని ఘాతాంకాలు. కాబట్టి తప్పు లెక్కతో ఒప్పు జవాబు వచ్చింది. 31 తర్వాత పనికొచ్చే మొదటి ఘాతాంకం 61. అక్కడ బండారం బయటపడింది. 128 బిట్ల పూర్ణాంక రకం వాడితే 61 వరకు నడుస్తుంది. 89, 107, 127 చూడాలంటే పెద్ద పూర్ణాంకాల లైబ్రరీ కావాలి. లేదంటే పైథాన్‌లో రాయండి, అందులో పూర్ణాంకాలకు హద్దు లేదు.

ఇంకో మూడు గుంతలున్నాయి. ఒకటి, ఈ పరీక్ష బేసి ప్రధాన ఘాతాంకాలకే. ఘాతాంకం 2 ఇస్తే 3 ప్రధాన సంఖ్య కాదని చెప్తుంది. దాన్ని విడిగా చూసుకోవాలి. రెండు, వర్గం శేషం 0 గాని 1 గాని వచ్చినప్పుడు 2 తీసేస్తే రుణ సంఖ్య అవుతుంది. గుర్తు లేని చరరాశిలో అది బ్రహ్మాండమైన ధన సంఖ్యగా మారిపోతుంది. ముందు మెర్సెన్ సంఖ్యను కలిపి తర్వాత 2 తీయండి. మూడోది భాగహారం తప్పించే ఉపాయంలో ఉంది. మెర్సెన్ సంఖ్యతో శేషం తీయడానికి అసలు భాగహారమే అక్కర్లేదు. వచ్చిన సంఖ్య కింది బిట్లను, అంటే ఘాతాంకం ఎంతో అన్నింటిని, ఒక భాగంగా, పైనున్న మిగతా బిట్లను ఇంకో భాగంగా తీసుకుని రెండింటినీ కలిపితే సరి. ఘాతాంకం 7 లెక్కలో చివరి అడుగు చూడండి. 111 వర్గంలోంచి 2 తీస్తే 12319. అది 96 × 128 + 31. 96 + 31 = 127. సున్నా రావాల్సిన చోట 127 వచ్చింది! 127తో భాగించినప్పుడు 127, 0 రెండూ ఒకటే అని ప్రోగ్రామ్‌కు చెప్పకపోతే ప్రధాన సంఖ్యలన్నింటినీ కాదనేస్తుంది. కలిపాక వచ్చింది మెర్సెన్ సంఖ్యకు సమానమైతే సున్నా చేయాలని ఒక వరుస రాయండి.

లక్షల్లో ఉండే ఘాతాంకాలకు పోయినప్పుడు సమయమంతా వర్గం చేయడం దగ్గరే ఖర్చవుతుంది. బడిలో నేర్చుకున్న గుణకారం అక్కడ పనిచేయదు. ఫూరియే పరివర్తనతో గుణించే పద్ధతి వాడతారు. నాలుగు కోట్ల అంకెల సంఖ్యను పరీక్షించడం సాధ్యమైంది ఈ గుణకారం వల్ల, పైన చెప్పిన బిట్ల కూడిక వల్ల. అంత పెద్ద ఇతర సంఖ్యను, ఏ ప్రత్యేక రూపమూ లేనిదాన్ని, ప్రధాన సంఖ్య అని నిరూపించడం ఇవాళ్టి కంప్యూటర్లతో కాని పని. రికార్డుల పట్టికలో మెర్సెన్ సంఖ్యలే ముందుండడానికి కారణం వాటి సైజు కాదు, వాటి రూపం.

ప్రశ్న: మా కంప్యూటర్ సెంటర్‌లో రాత్రిళ్ళు మెషిన్లు ఖాళీగా ఉంటాయి. ఈ వెతుకులాటలో చేరొచ్చా? బహుమతి ఎంత? – సెంటర్ నిర్వాహకుడు, గుంతకల్లు

జవాబు: చేరొచ్చు. 1996 నుంచి మెర్సెన్ ప్రధాన సంఖ్యలను వెతికే జింప్స్ అనే సామూహిక ప్రయత్నం నడుస్తోంది. దాని ప్రైమ్95 ప్రోగ్రామ్ ఉచితం. దింపుకుని, ఖాతా తెరిస్తే అదే మీ మెషిన్‌కు ఒక ఘాతాంకం అప్పగిస్తుంది. అయితే పని తీసుకునే ముందు అందులోనే ఉన్న 'టార్చర్ టెస్ట్' ఒక రాత్రంతా నడపండి. మెమరీలో లోపం ఉన్నా, ఫ్యాన్‌లో దుమ్ము పేరుకున్నా, ప్రాసెసర్‌ను ఓవర్‌క్లాక్ చేసి ఉన్నా అది బయటపెడుతుంది. కోట్లసార్లు వర్గం చేసే లెక్కలో ఎక్కడో ఒక్క బిట్ తారుమారైనా చివరి శేషం పనికిరాదు. ఇప్పుడు మొదటి పరీక్షగా ఫెర్మా పద్ధతిని (కింద అధ్యాపకుల ప్రశ్నలో వివరించాం), మధ్యమధ్యలో తప్పులను పట్టే సరిచూపుతో కలిపి వాడుతున్నారు. అది నెగ్గితే లూకాస్–లెహ్మర్‌తో నిరూపిస్తారు. డ్యురంట్ సంఖ్యకు మొదటి పరీక్ష డబ్లిన్‌లోని గ్రాఫిక్స్ ప్రాసెసర్ మీద అక్టోబర్ 11న పూర్తయింది, మర్నాడు టెక్సస్‌లోని ఇంకో ప్రాసెసర్ లూకాస్–లెహ్మర్‌తో ఖాయం చేసింది.

పరీక్షకు ముందు ఇంకో మెట్టు ఉంది. ప్రొద్దుటూరు విద్యార్థినికి చెప్పిన కారణాంకాల నియమంతో చిన్న కారణాంకాలేమైనా ఉన్నాయేమో వెతుకుతారు. ఒక్కటి దొరికితే రోజుల తరబడి చేయాల్సిన పరీక్ష తప్పుతుంది.

కరెంటు లెక్క కూడా చూసుకోండి. 150 వాట్లు తీసుకునే మెషిన్ పగలూ రాత్రీ నడిస్తే నెలకు 108 యూనిట్లు. రాత్రి పది గంటలే అయితే 45. దానికి ఎండాకాలంలో ఏసీ ఖర్చు కలపండి. మన వైపు ఏప్రిల్, మే నెలల్లో ఏసీ లేని గదిలో ఈ పని పెట్టవద్దనే మా సలహా. ల్యాప్‌టాప్‌లకు ఏ కాలంలోనూ వద్దు.

కొత్త మెర్సెన్ ప్రధాన సంఖ్య కనుక్కున్నవాళ్ళకు జింప్స్ 3,000 డాలర్లు ఇస్తుంది. పది కోట్ల అంకెలు దాటిన మొదటి ప్రధాన సంఖ్యకు ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ 1,50,000 డాలర్ల బహుమతి పెట్టింది, అది ఇంకా ఎవరికీ దక్కలేదు. దానికి ఘాతాంకం 33 కోట్ల 21 లక్షలు దాటాలి. డబ్బు కోసమైతే ఈ పనికి దిగకండి. గణితం మీద ఇష్టంతో, మీ సెంటర్ పిల్లలకు చూపించడానికి అయితే ఒక్క మెషిన్ మీద తప్పకుండా పెట్టండి.

ప్రశ్న: ఆన్‌లైన్ బ్యాంకింగ్‌కు రక్షణ పెద్ద ప్రధాన సంఖ్యలే అంటారు. ఈ నాలుగు కోట్ల అంకెల సంఖ్యను అక్కడ వాడతారా? – బ్యాంకు ఉద్యోగి, నంద్యాల

జవాబు: వాడరు, వాడకూడదు కూడా. రహస్యానికి పనికొచ్చే ప్రధాన సంఖ్య ఎవరికీ తెలియనిదై ఉండాలి. తెలిసిన మెర్సెన్ ప్రధాన సంఖ్యలు మొత్తం 52. వాటిలో ఒకటి తాళంలో ఉందంటే దొంగ 52 భాగహారాలు చేస్తే చాలు.

సందేశాలను రహస్యంగా ఉంచే ఆర్‌ఎస్‌ఏ పద్ధతిలో 2048 బిట్ల తాళం అంటే సుమారు 309 అంకెల ప్రధాన సంఖ్యలు రెండు గుణించగా వచ్చిన 617 అంకెల లబ్ధం. లబ్ధం అందరికీ తెలుస్తుంది, రెండు కారణాంకాలు తెలియవు. ఇట్లాంటి లబ్ధాలను విడగొట్టే పోటీకి పెట్టిన సంఖ్యల్లో 250 అంకెలది 2020లో విడగొట్టారు. 617 అంకెలకు ఇంకా చాలా దూరం.

309 అంకెల ప్రధాన సంఖ్య దొరకడం కష్టం కాదు. 1024 బిట్ల ప్రాంతంలో బేసి సంఖ్యలు సుమారు 355కు ఒకటి ప్రధాన సంఖ్య. యాదృచ్ఛికంగా బేసి సంఖ్య తీసుకోవడం, చిన్న ప్రధాన సంఖ్యలతో భాగించి చూడటం, మిగిలినదానికి మిల్లర్–రాబిన్ పరీక్ష (తర్వాతి ప్రశ్నలో వస్తుంది) పెట్టడం, నెగ్గకపోతే ఇంకోటి తీసుకోవడం. మామూలు ఫోన్ కూడా క్షణాల్లో చేస్తుంది.

చెడేది యాదృచ్ఛికత దగ్గర. పరికరం మొదటిసారి ఆన్ చేయగానే సరైన యాదృచ్ఛిక సంఖ్యలు సమకూరకముందే తాళం తయారుచేస్తే, రెండు వేర్వేరు పరికరాలకు ఒకే ప్రధాన సంఖ్య పడొచ్చు. అప్పుడు రెండు లబ్ధాల గరిష్ఠ సామాన్య భాజకం తీస్తే చాలు, రెండు తాళాలూ ఊడిపోతాయి. 2012లో పరిశోధకులు ఇంటర్నెట్‌లోని తాళాలను సేకరించి ఇట్లాంటివి వేలల్లో చూపించారు. ఇంకో తప్పు రెండు ప్రధాన సంఖ్యలను మరీ దగ్గరదగ్గరగా తీసుకోవడం. 8051 చూడండి. దానికి పైనున్న వర్గం 90 × 90 = 8100. తేడా 49, అదీ ఒక వర్గమే. కాబట్టి 8051 = (90 − 7) × (90 + 7) = 83 × 97. అంకెలు ఎన్నున్నా, కారణాంకాలు పక్కపక్కన ఉంటే ఈ ఉపాయం పనిచేస్తుంది.

ప్రశ్న: ఫెర్మా సిద్ధాంతం ఉండగా ఇన్ని పరీక్షలెందుకు? 2 పెట్టి చూస్తే సరిపోదా? – డిగ్రీ కళాశాల అధ్యాపకులు, అనంతపురం

జవాబు: ఒక ప్రధాన సంఖ్యతో భాగపడని ఏ ఆధారాన్నైనా, ఆ ప్రధాన సంఖ్య కంటే ఒకటి తక్కువ ఘాతానికి పెంచి దానితో భాగిస్తే శేషం 1 వస్తుందన్నది ఫెర్మా సిద్ధాంతం. మీ విద్యార్థులకు 341 ఇచ్చి చూడండి. 2¹⁰ = 1024 = 3 × 341 + 1. కాబట్టి 2³⁴⁰ని 341తో భాగిస్తే శేషం 1. ఫెర్మా పరీక్ష నెగ్గింది. కానీ 341 = 11 × 31.

ఆధారం మార్చినా లొంగనివి కార్‌మైకేల్ సంఖ్యలు. రామానుజన్ పేరుతో అందరికీ తెలిసిన 1729 వాటిలో ఒకటి. 1729 = 7 × 13 × 19. 1728ని 6, 12, 18 మూడూ భాగిస్తాయి. అందుకే 1729తో ఉమ్మడి కారణాంకం లేని ఏ ఆధారం తీసుకున్నా ఫెర్మా పరీక్షలో శేషం 1 వస్తుంది.

మిల్లర్–రాబిన్ అదే లెక్కను మధ్యలో ఆపి చూస్తుంది. 340 = 4 × 85. 2⁸⁵ శేషం 32. దాన్ని వర్గం చేస్తే 1024, శేషం 1. ప్రధాన సంఖ్య విషయంలో వర్గం చేస్తే 1 వచ్చేవి 1, −1 రెండే. ఇక్కడ 32 కూడా వచ్చింది కనుక 341 దొరికిపోయింది. పైగా 32 − 1 = 31, అది కారణాంకమే. సంయుక్త సంఖ్య ఒక్కో యాదృచ్ఛిక ఆధారాన్ని తప్పించుకునే అవకాశం నాలుగింట ఒకటికి మించదు. 2⁶⁴ లోపలి సంఖ్యలకైతే 2 నుంచి 37 వరకున్న పన్నెండు ప్రధాన ఆధారాలు పెడితే జవాబు నూటికి నూరు పాళ్ళు ఖాయం.

ఏ సంఖ్యకైనా, ఊహాగానాలు లేకుండా, అంకెల సంఖ్యకు బహుపదిగా పెరిగే సమయంలో తేల్చే పద్ధతిని 2002లో ఐఐటీ కాన్పూర్‌కు చెందిన మణీంద్ర అగ్రవాల్, నీరజ్ కయాల్, నితిన్ సక్సేనా ఇచ్చారు. 2006లో గోడెల్ బహుమతి వచ్చింది. ఆచరణలో అది నెమ్మది, రికార్డులకు వాడరు. కానీ బోర్డు మీద విద్యార్థులకు పూర్తిగా చెప్పగలిగినంత చిన్న నిరూపణ అది. ఎంఎస్సీ తరగతిలో తప్పకుండా చెప్పాలని మా కోరిక.

ప్రశ్న: ఇదే అన్నిటికంటే పెద్ద ప్రధాన సంఖ్య అనొచ్చా? – విశ్రాంత ఉపాధ్యాయులు, ఆదోని

జవాబు: తెలిసినవాటిలో పెద్దది అనాలి. ప్రధాన సంఖ్యలకు అంతం లేదని యూక్లిడ్ ఎప్పుడో నిరూపించాడు. ఆ నిరూపణను తరగతిలో చెప్పేటప్పుడు ఒక పొరపాటు తరచుగా దొర్లుతుంది. మొదటి కొన్ని ప్రధాన సంఖ్యలను గుణించి 1 కలిపితే ప్రధాన సంఖ్య వస్తుందని చెప్పేస్తుంటారు. రానక్కర్లేదు. 2 × 3 × 5 × 7 × 11 × 13 + 1 = 30031 = 59 × 509. నిరూపణ చెప్పేది, వచ్చినదాని ప్రధాన కారణాంకాలు మన జాబితాలో ఉండవని మాత్రమే. 59, 509 ఆ జాబితాలో లేవు కదా.

ఈ సంఖ్య కిందనున్న ప్రధాన సంఖ్యలన్నీ మనకు తెలుసనుకోవడమూ సరికాదు. దానికీ అంతకుముందు రికార్డుగా ఉన్న 2⁸²⁵⁸⁹⁹³³ − 1కీ మధ్య లెక్కకు అందనన్ని ప్రధాన సంఖ్యలున్నాయి. వాటిని ఎవరూ చూడలేదు.

ప్రశ్న: దీనితో కొత్త పరిపూర్ణ సంఖ్య కూడా వచ్చిందా? – బీఎస్సీ విద్యార్థిని, జమ్మలమడుగు

జవాబు: వచ్చింది. తనను మినహాయించి మిగిలిన భాజకాల మొత్తం తనకే సమానమయ్యే సంఖ్య పరిపూర్ణ సంఖ్య. మెర్సెన్ ప్రధాన సంఖ్యను, దాని ఘాతాంకం కంటే ఒకటి తక్కువ ఘాతంలో ఉన్న 2తో గుణిస్తే పరిపూర్ణ సంఖ్య వస్తుంది. 3 × 2 = 6, 7 × 4 = 28, 31 × 16 = 496, 127 × 64 = 8128. కొత్తదానిలో 8,20,48,640 అంకెలున్నాయి, కర్నూలు విద్యార్థికి చెప్పిన పద్ధతిలో సరిచూసుకోవచ్చు. సరి పరిపూర్ణ సంఖ్యలన్నీ ఈ దారిలోనే వస్తాయని ఆయిలర్ నిరూపించాడు. బేసి పరిపూర్ణ సంఖ్య ఇంతవరకు ఒక్కటీ దొరకలేదు, ఉండదన్న నిరూపణా లేదు.